ఆరోగ్యవంతులైన పిల్లలు కావలెను

12 ఫిబ్రవరి 1968, సోమవారం

మిషను ఆసుపత్రి గేటుకు నోటీసు అంటించారు. "ఆరోగ్యవంతులైన పిల్లలు కావలెను. ఆరేళ్ళ నుండి పన్నెండేళ్ళ వరకు. పరీక్ష ఉచితం." చదివినవాళ్ళంతా నవ్వుకుంటూ పోతున్నారు. కిళ్ళీకొట్టు దగ్గర ఒకడు, "ఆరోగ్యంగా ఉంటే ఆస్పత్రికి ఎందుకు పోతార్రా, పెళ్ళికి పోతారు గాని" అన్నాడు. ఈ ఏడాది నరసరావుపేటలో నేను విన్న తెలివైన మాట ఇదొక్కటే.

నాకు కబురు పంపించారు. మదరాసు నుంచి అన్నమ్మ కురియన్ అనే మలయాళీ డాక్టరు వచ్చింది. జర్మనీలో చదువుకుంది. తెలుగు రాదు. తల్లులతో ఆమె మాటలు, ఆమెతో తల్లుల మాటలు చెప్పేందుకు ఇంగ్లీషు బాగా వచ్చిన మనిషి కావాలట. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన యేసుపాదం మాష్టారు ఇంకా బతికే ఉన్నాడని అప్పుడు గుర్తుకొచ్చింది వాళ్ళకు. ఆనాడు మెడలో దండ వేశారు. దండ వాడిపోయేలోపే మరచిపోయారు.

ఆమె తెచ్చిన యంత్రం చూశాను. చెవికి వినపడనంత సన్నటి శబ్దాన్ని ఛాతీలోకి పంపిస్తుంది. అది గుండె గోడకు తగిలి తిరిగి వస్తుంది. చీకట్లో గబ్బిలం దారి తెలుసుకునే పద్ధతే. వచ్చిన శబ్దం చిన్న తెర మీద పచ్చటి గీతగా కదులుతుంది. ఆ గీతను ఫొటో తీసి, గోడ ఎంత కదిలిందో కొలుస్తారు. బాగున్న పిల్లల గుండె ఎంత కదులుతుందో తెలిస్తేగాని, జబ్బు పిల్లల గుండె ఎంత తక్కువ కదులుతోందో చెప్పలేరట. ఇంత సబబైన మాట చదువుకున్నవాళ్ళ నోట విని చాలాకాలమైంది.

ఒకటే ఇబ్బంది. పిల్లల్ని ముందుగా స్టెతస్కోపుతో విని, గుండెలో ఏ శబ్దమూ లేనివాళ్ళనే యంత్రం దగ్గరికి పంపే పని డాక్టర్ సుబ్బారావుకు అప్పగించారు.

ఆ మనిషి ఉంటే నేను రానని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆ మనిషి తప్పు చేస్తుంటే దగ్గరుండి చూసే అవకాశం మళ్ళీ రాదు.

13 ఫిబ్రవరి

గ్రంథాలయం నుంచి శరీరశాస్త్రం పుస్తకం మళ్ళీ తెచ్చాను. గుండె గురించిన అధ్యాయంలో నేను ఐదేళ్ళ కింద పెట్టిన గుర్తు కాగితం అక్కడే ఉంది. మధ్యలో ఒక్కడూ తెరవలేదు. ఇదీ మన ఊరు.

14 ఫిబ్రవరి

నా కొడుకు ప్రభుదాసుకు చిన్నతనంలో జ్వరంతో పాటు కీళ్ళు వాచాయి. "ఎదిగే పిల్లాడు, ఇవన్నీ మామూలే మాష్టారూ" అని మాత్రలిచ్చి పంపాడు సుబ్బారావు. ముప్పై నిండకుండానే వాడు పోయాడు. ఆనాటి జ్వరమే గుండె కవాటాన్ని బిగదీసిందని గుంటూరులో చెప్పారు.

మరుసటి ఏడు వాడి కూతురికి దగ్గొచ్చింది. నా కోడలు రూతమ్మ నాతో చెప్పకుండా ఆ మనిషి దగ్గరికే తీసుకుపోయింది. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "గుండెలో శబ్దం ఉందమ్మా. పరుగెత్తనివ్వద్దు, మెట్లెక్కనివ్వద్దు" అన్నాడట. తండ్రి దగ్గర వినవలసింది కూతురి దగ్గర విన్నాడు.

సువార్తకు ఇప్పుడు తొమ్మిదేళ్ళు. బళ్ళో తక్కిన పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే ఇది అరుగు మీద కూర్చుని జడ్జీ చేస్తుంది. గీత తొక్కిందెవరో, తొక్కనిదెవరో దీని మాటే ఫైనలు. మంచి జడ్జీ అని పేరు కూడా వచ్చింది.

ఆనాటి నుంచి సుబ్బారావుతో మాటల్లేవు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు రీడింగ్ రూములో ఇద్దరం ఒకే పేపరు చెరో షీటు పంచుకుని చదివాం. అది ఇక్కడ రాయవలసినంత విషయం కాదు.

15 ఫిబ్రవరి, గురువారం

మొదటి రోజు. నోటీసు చూసి నవ్వినవాళ్ళే పిల్లల్ని తీసుకుని బారులు తీరారు. ఉచితం అన్న మాట చివర ఉన్నా అందరికీ ముందు కనపడింది.

పద్ధతి ఇదీ: నేను తల్లిని అడగాలి, జవాబు డాక్టరమ్మకు చెప్పాలి. ఏ జబ్బూ లేదంటే పిల్ల గుడ్డతెర అవతల కూర్చున్న సుబ్బారావు దగ్గరికి పోతుంది. అక్కడ పాసైతే యంత్రం దగ్గరికి. యంత్రం దగ్గర ఛాతీకి ఆముదం రాస్తారు, శబ్దం జారిపోకుండా లోపలికి పోవడానికి. ఆముదం సంగతి విన్నాక తల్లులకు యంత్రం మీద గురి కుదిరింది.

ముందుగా రామాయమ్మ అనే ఆమె వచ్చింది. పక్కన కొడుకు, గేదెదూడలా నిగనిగలాడుతున్నాడు. జామకాయ కొరుకుతున్నాడు.

"పిల్లవాడు అన్నం బాగా తింటాడా?"

"ఏం తింటాడయ్యా! రెండు మెతుకులు. పిచ్చిక్కి కూడా చాలవు."

"ఆటలాడతాడా?"

"ఆడే ఓపికేదీ? ఎప్పుడు చూసినా నీరసం. మూలన పడుంటాడు."

వాడప్పటికి కిటికీ ఊచలు పట్టుకుని పైకి ఎగబాకుతున్నాడు. నేను తల్లి చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాను. డాక్టరమ్మ జాలిగా చూసి, ఆకలి లేదు, నీరసం అని రాసుకుని వాణ్ణి పక్కన పెట్టింది.

తరువాత గురవమ్మ కూతురు. అదీ తినదు. ఆ తరువాత వచ్చినవాళ్ళెవరూ తినరు. ఒకరికి ఆయాసం, ఒకరికి కడుపునొప్పి, ఒకరు "పుట్టిందగ్గర్నుంచి ఇంతే". సాయంత్రానికి ఒక్క పిల్లా పాసు కాలేదు. నా బిడ్డ శుభ్రంగా ఉందని నలుగురిలో చెబితే దిష్టి తగులుతుందని వీళ్ళ భయం. దిష్టి అనేది లేదని ముప్పై ఏళ్ళు క్లాసులో చెప్పాను. నా దగ్గర చదివిన ఆడపిల్లలే ఈవేళ తల్లులై వచ్చి నా ఎదుట నిలబడి ఈ మాటలు చెబుతున్నారు.

డాక్టరమ్మకు విడమరచి చెప్పవచ్చు. చెప్పలేదు. అనువదించేవాడు సొంత వ్యాఖ్యానం చేయకూడదు. పైగా పిల్లలెవరూ పాసు కాకపోతే తెర అవతల ఆ మనిషికి పనేముంటుంది? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి రెండోసారి మజ్జిగ పోయించుకుని తిన్నాను. హాయిగా ఉంది.

16 ఫిబ్రవరి

ఇవాళా అంతే. ఆ మనిషి మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు తీశాడు.

సాయంత్రం డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. యంత్రం అరువు తెచ్చిందట. వచ్చే వారం శనివారంతో వెనక్కి పంపాలి. "మాష్టారూ, ఈ పల్నాడులో ఆరోగ్యమైన పిల్ల ఒక్కతీ లేదా?" అని అడిగింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నా కూతురు ఉంటే ఈమె వయసే ఉండేది. నాకు కూతురు లేదు, ఊరికే రాస్తున్నాను.

చెప్పేశాను.

ఆమె నుదురు చేత్తో పట్టుకుని, కాసేపటికి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. తాను జర్మనీలో బంగారు పతకం తెచ్చుకున్న ఏడు వాళ్ళమ్మ ఊరందరితో "పాపం, మా అమ్మాయికి చదువు అబ్బలేదు" అని చెప్పుకుని తిరిగిందట. "నాకు తెలియాలి మాష్టారూ. నేనే ఎట్లా మరచిపోయాను!" అంది.

చదువు మనిషికి ఏమేమి మరపిస్తుందో నేను అప్పుడే చెప్పి ఉండవచ్చు.

17 ఫిబ్రవరి

పొద్దున పక్కింటి హజ్రా బీ గోడ మీంచి అడిగింది. "రూతమ్మా, పిల్ల ఎట్టుంది?"

"బాగుంది పిన్నీ. చానా బాగుంది. సుబ్బరంగా తింటంది" అంది రూతమ్మ.

ఈ వీధిలో బిడ్డ బాగుందని గట్టిగా చెప్పే తల్లి మా రూతమ్మ ఒక్కతే. బాగాలేని బిడ్డకు దిష్టి ఏముంది.

18 ఫిబ్రవరి, ఆదివారం

పాస్టరుగారు గుండె రాయి చేసుకోవద్దని ప్రసంగం చేశారు. అంతసేపూ నా వైపే చూశారు. సుబ్బారావు వంటివాళ్ళ వైపు చూసి చెప్పడానికి వాళ్ళు చర్చికి రారు గదా.

19 ఫిబ్రవరి, సోమవారం

కొత్త పద్ధతి నాదే. తల్లిని ఆమె బిడ్డ గురించి అడగం. పక్కింటామెను అడుగుతాం. అందుకని ఇద్దరిద్దరిని కలిపి పిలిచాం.

"గురవమ్మా, రామాయమ్మ కొడుకు అన్నం తింటాడా?"

"వాడా! వాళ్ళింటో చద్దన్నం గిన్నె నాకి, మా ఇంటికొచ్చి మళ్ళా తింటాడయ్యా. మా జామచెట్టుకు ఒక్క పిందె ఉంచలేదు. మొన్న గోడ దూకి మా పెంకులు పగలగొట్టిండు."

"ఒసే గురవమ్మా! నా బిడ్డ మీద నీ కళ్ళు పడ! నీ కూతురు తక్కువదా? అయ్యా, రాసుకోండి. నిండు బిందె చంకనేసుకుని వీధి చివరి నుంచి పరిగెత్తుకుంటా వస్తది. నోరు మూత పడదు. ఆయాసం దానిక్కాదు, ఇనేవాళ్ళకి."

ఇద్దరు పిల్లలూ పాసు. బయట వరసలో ఉన్నవాళ్ళంతా ఈ రగడ విని తమ వంతు కోసం ఉత్సాహపడ్డారు. పక్కింటి పిల్లల ఆరోగ్యం గురించి మన జనానికి ఇంత నిక్కచ్చిగా తెలుసునని నేనెరగను. డాక్టరమ్మ నవ్వలేక కడుపు పట్టుకుంది.

సుబ్బారావుకు మంచినీళ్ళు తాగే తీరిక లేదు. స్టెతస్కోపు చెవుల్లోంచి తీయకుండా పనిచేశాడు. పాపం అనబోయాను.

20 ఫిబ్రవరి

యంత్రం దగ్గర కాసేపు నిలబడనిచ్చారు. రామాయమ్మ కొడుకును మళ్ళీ పిలిచి చూస్తున్నారు, నిన్న వేరుశనగ మిల్లు ఆడినప్పుడల్లా కరెంటు తగ్గి గీత వణికిందని. ఛాతీకి ఆముదం రాస్తుంటే చక్కిలిగింతలు పుట్టి వాడు మెలికలు తిరిగాడు. డాక్టరమ్మ టార్చిలైటు మూతిలాంటి దాన్ని పక్కటెముకల సందున ఆనించింది. తెర మీద పచ్చగీత లేచి పడి, లేచి పడి, కొండల వరసలా పోయింది. అది గుండె వెనకగోడ. దాని ముందు రెక్కలా టపటపా కొట్టుకునేది కవాటం.

ప్రభుదాసుకు బిగుసుకుపోయింది అదే కవాటం.

సువార్తను చూపించాలన్న ఆలోచన నాకు లేదు. ఆ మనిషి చెప్పింది తప్పని యంత్రం తేలుస్తుందా అన్న కుతూహలం, అంతే. ఇంకొకటి. తప్పు కాదని తేలిస్తే?

21 ఫిబ్రవరి

నిన్నటి ఆఖరి మాట రాయకుండా ఉండవలసింది.

22 ఫిబ్రవరి, గురువారం

డాక్టరమ్మను మాటల మధ్యలో అడిగాను, గుండెలో శబ్దం ఉందన్న పిల్లను కూడా చూస్తారా అని. కుదరదంది. ఫిలిం కొద్దిగా మిగిలింది, అది బాగున్న పిల్లలకే సరిపోవాలి. జబ్బు పిల్లల పని వచ్చే ఏడు, మదరాసులో. "ఎవరి పిల్ల?" అంది.

"తెలిసినవాళ్ళ పిల్ల" అన్నాను.

సాయంత్రం రూతమ్మ అన్నం వడ్డిస్తూ అంది. "మావయ్యా, మీరు ఆ మిషను పక్కనే కూచుంటన్నారు గదా. మన పిల్లను ఒక్కసారి..."

"శబ్దం ఉన్న పిల్లల్ని పంపనివ్వడు. ద్వారం దగ్గర సుబ్బారావు ఉన్నాడు."

"ఉంటే ఏంది? అడిగితే పోయేదేముంది?"

"ఆ మనిషిని నేను అడగను."

గరిటె గిన్నెలో పడేసింది. "మీకు ఆయన్తో పోట్లాట కావాల. నాకు పిల్ల కావాల. అది అరుగు మీద కూచుని ముసలమ్మైపోతంది, చూస్తన్నారా?"

ఈ ఇంట్లో నాకు మర్యాద లేదు. పప్పులో ఉప్పు కూడా లేదు.

23 ఫిబ్రవరి

రూతమ్మ పొద్దున్నే ఎటో పోయి వచ్చింది. ఎక్కడికని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

24 ఫిబ్రవరి, శనివారం

ఆఖరి రోజు. వరసలో చివరగా రూతమ్మ నిలబడి ఉంది. ఒక పక్క సువార్త, ఉతికిన గౌను, జడకు కొత్త రిబ్బను. రెండో పక్క హజ్రా బీ. పక్కింటామె లేనిదే మా పద్ధతి ప్రకారం పిల్లను చూడరు గదా. నా పద్ధతి నా మీదికే వచ్చింది.

మిగతా వాళ్ళను అడిగినట్టే అడిగాను.

"హజ్రా బీ, ఈ పిల్ల అన్నం తింటుందా?"

"మీ ఇంటి పిల్ల సంగతి నన్నడుగుతారేంది మాష్టారూ! తింటది. మా ఇంటో సేమ్యా వండితే గిన్నె కడిగే పని లేదు."

"ఆయాసపడుతుందా?"

"నేనెప్పుడూ చూళ్ళే."

"ఆడుతుందా?"

హజ్రా బీ నా ముఖంలోకి చూసింది. "ఆడనిస్తే గదా ఆడేది!"

డాక్టరమ్మ కలం ఎత్తి పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది. పద్నాలుగు మంది హెడ్మాస్టర్ల కింద పనిచేశాను, ఒక్కరి ముందు ఒక్క మాట మార్చి చెప్పలేదు. "ఆడుతుంది" అన్నాను.

పిల్ల తెర అవతలికి పోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఆ చెవులు ఐదేళ్ళ కింద విన్నదాన్ని ఇప్పుడు వినకుండా ఉంటాయా. చాలాసేపు చప్పుడు లేదు. "ఊపిరి పీల్చమ్మా. వదులు. మళ్ళా పీల్చు." ఆ గొంతు ఇంత దగ్గర నుంచి విని ఎన్నేళ్ళయిందో.

"నార్మల్. లోపలికి పంపించండి" అన్నాడు సుబ్బారావు.

రూతమ్మ తల దించుకుంది. నిన్న పొద్దున్న ఎక్కడికి పోయిందో అప్పుడర్థమైంది.

యంత్రం గది తలుపు వేశారు. మిల్లు ఆపమని మనిషిని పంపించారు. నేను వరండాలో గోడకున్న ప్రచార బొమ్మలన్నీ చదివాను. మశూచి, మలేరియా, చిన్న కుటుంబం. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

తలుపు తీసి డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. సువార్త బల్ల మీద పడుకుని తెర వంక గుడ్లప్పగించి చూస్తోంది. "తాతయ్యా, అది నేనేనంట!"

"మీ మనవరాలని ముందే చెప్పొద్దా? ముక్కు చూడగానే తెలిసింది" అంది డాక్టరమ్మ. "ఇటు చూడండి. వెనకగోడ. ఇన్ని రోజులూ చూసిన పిల్లలకు ఎంత కదిలిందో, ఈమెకూ అంతే. ఇదిగో కవాటం. ఎంత శుభ్రంగా తెరుచుకుంటోందో చూడండి."

నేను చూశాను. అది తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. ఎవరి అనుమతీ అడగడం లేదు.

"శబ్దం?" అన్నాను.

"ఉంది, సన్నగా. నేనూ విన్నాను. పిల్లల్లో ఎంతోమందికి ఉంటుంది, దానికి గుండెజబ్బుతో పని లేదు. పెద్దయితే చాలామందికి అదే పోతుంది. పరుగెత్తనివ్వండి. ఇంతకీ జబ్బని ఎవరు చెప్పారు మీకు?"

ఐదేళ్ళుగా నేను ఎదురు చూసిన ప్రశ్న అది. అడిగింది జర్మనీలో చదివిన డాక్టరు. జవాబు చెప్పవలసిన మనిషి తెరిచిన తలుపు అవతల, పలచటి గుడ్డతెర వెనక కూర్చుని వింటున్నాడు. పేరు ఒక్కటి చెబితే చాలు.

"గుర్తు లేదమ్మా" అన్నాను.

24, సాయంత్రం

రాయవలసింది రాయలేదు. రాస్తున్నాను.

నేను బయటికి వచ్చేసరికి సుబ్బారావు కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. బాగా ముసలివాడైపోయాడు.

"డాక్టరుగారూ, శబ్దం వినపడలేదా మీకు?"

"వినపడింది."

"మరి నార్మల్ అన్నారేం?"

"లేకపోతే లోపలికి రానియ్యరు గదా మాష్టారూ." చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, ఎప్పుడో ఆరిపోయినా. "మీవాడి దగ్గర ఏమీ లేదన్నాను. దాంతో ఈ పిల్ల దగ్గర ఆ కాస్త శబ్దం వినపడేసరికి నాకు చేతులు ఆడలేదు. నేను విన్నది జబ్బో కాదో అప్పటి నుంచీ నాకే తెలీదు. రూతమ్మ వచ్చి అడక్కపోయినా ఇవాళ నేనే కబురు పెడదామనుకున్నా."

ఆ మనిషితో అనవలసిన మాటలు నా దగ్గర ఐదేళ్ళుగా తయారుగా ఉన్నాయి. ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో ఒకటి. వ్యాకరణం కూడా సరిచూసి పెట్టుకున్నాను.

"ఎండగా ఉంది. గొడుగు తెచ్చుకున్నారా?" అన్నాను.

తెచ్చుకోలేదు. నా గొడుగు కింద వాళ్ళ సందు మొగదాకా వచ్చాడు.

26 ఫిబ్రవరి

గెలిచాను. ఇంత చప్పటి గెలుపు ఎక్కడా చదవలేదు. ఆ మనిషి నాకు తిట్టే వీలు కూడా మిగల్చకుండా చేశాడు. దానికి మాత్రం అతన్ని క్షమించను.

27 ఫిబ్రవరి

రీడింగ్ రూముకు వెళ్ళాను. లోపలి షీటు నాకిచ్చాడు. ఎప్పుడూ మంచి వార్తలున్న షీటు తనే ఉంచుకుంటాడు. ఏమీ మారలేదు.

2 మార్చి, శనివారం

సువార్తకు పరుగెత్తడం రాదు. గౌను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, వానలో బురద దాటే ముసలమ్మలా అడుగులు వేస్తుంది. బళ్ళో పిల్లలు నవ్వారట. ఇది లెక్కచేయలేదట.

సాయంత్రం మోకాలు చీరుకుని, నెత్తురు కారుతూ, పెడబొబ్బలు పెడుతూ ఇంటికొచ్చింది. ఏడుపు దెబ్బకు కాదు.

"నేను గీత తొక్కలేదు తాతయ్యా! తొక్కానని అవుట్ ఇచ్చింది. ఆ జడ్జీకి కళ్ళు కనపడవు!"

సుబ్బారావు దగ్గరికి తీసుకుపోయాను. ఆ దెబ్బకు డాక్టరు అక్కర్లేదు, పసుపు చాలు. అయినా తీసుకుపోయాను. అతను అద్దాలు పెట్టుకుని మోకాలిని అటూ ఇటూ తిప్పి, ఏదో విలువైన వస్తువును చూసినట్టు చూశాడు. "ఎట్టా తగిలింది?" అన్నాడు. "పరిగెత్తితే" అంది పిల్ల, వెక్కుతూ. "ఏందీ?" "పరిగెత్తితే!" ఒకసారి చెబితే సరిపోయేదాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు. టించరు రాస్తుంటే అది కెవ్వున అరిచింది. మేమిద్దరం ముసలివాళ్ళం బుద్ధిలేనివాళ్ళలా నవ్వుకుంటూ కూర్చున్నాం.

4 మార్చి

ఇంకో మోకాలు.

5 మార్చి

కూరగాయల బజారులో రామాయమ్మ ఎదురైంది. నలుగురు ఉన్నారు. ఆమె గొంతు ఎప్పుడూ నలుగురి కోసమే.

"మాష్టారూ! మీ మనవరాలు మంచిగుందంట గదా! మిషన్లో సుబ్బరంగా కనపడిందంట! ఇప్పుడు వీధంతా లేడిపిల్లల్లే గంతులేస్తందంట!"

అందరూ నా వైపు తిరిగారు. అన్ని కళ్ళు.

"ఎక్కడమ్మా" అన్నాను. "రెండు మెతుకులు తింటుంది. ఎప్పుడు చూసినా నీరసం."

రామాయమ్మ నన్ను ఎగాదిగా చూసి, తల ఊపింది. ముప్పై ఏళ్ళలో ఈ ఊళ్ళో ఎవరూ నాకు అంత గౌరవంగా తల ఊపలేదు.

ఇంటికొచ్చేసరికి గోడ దగ్గర హజ్రా బీ అడుగుతోంది, పిల్ల ఎట్టుందని. "ఏం చెప్పను పిన్నీ, ఏమీ తినదు" అంటోంది రూతమ్మ.

6 మార్చి

ఈ డైరీ నా కోసమే రాసుకుంటున్నాను. అయినా ఎప్పుడు ఎవరి కంట పడుతుందో తెలియదు. అందుకని రాసి పెడుతున్నాను.

సువార్త ఏమంత బాగాలేదు. బాగా చిక్కిపోయింది. అన్నం సరిగా తినడం లేదు.